పక్కింటి మీటరు

మొదటి కరెంటు బిల్లు వచ్చినప్పుడు ఆమె రెండు రోజులపాటు కవరు చింపలేదు. చేతిసంచిలో వేసుకుని పనికి వెళ్లింది, మళ్లీ అదే సంచిలో ఇంటికి తెచ్చింది. పరాయి దేశంలో దిగి నలభై రోజులు కూడా కాలేదు. అప్పటికే ఆ కవరు గురించి వినాల్సినవన్నీ వినేసింది.

ఆమె పరదాలు కుట్టే కార్ఖానాలో పనిచేసేది. హోటళ్లకీ ఆఫీసులకీ కిటికీ తెరలు తయారయ్యే చోటు అది. రెండు వరసల్లో పదహారు మిషన్లు. బరువైన గుడ్డకి అడుగున అంచు మడిచి, తెర నిటారుగా వేలాడేందుకు ఆ మడతలోకి సీసపు గొలుసు దూర్చి కుట్టడం ఆమె వంతు. పక్క మిషను మీద కూర్చునే పెద్దావిడ పదిహేనేళ్లుగా అక్కడ పాతుకుపోయిన మనిషి. ఎప్పుడూ పళ్ల మధ్య నాలుగు గుండుసూదులు పెట్టుకునే మాట్లాడేది కాబట్టి, ఇంట్లో ఆవిడ ప్రస్తావన వస్తే గుండుసూదులావిడ అనేవారు. మొదటి రోజే ఆవిడ హెచ్చరించింది.

"సరిగ్గా చలికాలంలో వచ్చావు. హీటరు జోలికి మాత్రం పోకు. మేం కొత్తగా వచ్చిన ఏడాది మా ఆయన ఇల్లంతా వెచ్చగా ఉంచాడు. ఆ బిల్లుకి రెండు నెలలు నా జీతం ఊడ్చుకుపోయింది."

ఆమెకి వచ్చీరాని ఆ భాషలో ఆ ఒక్క ముక్క మాత్రం బాగా అర్థమైంది. ఇంటికి రాగానే అత్తగారికి చెప్పింది. ఆ రోజు నుంచి హీటరుకి కట్టడి మొదలైంది. పొద్దున అరగంట, సాయంత్రం రెండు గంటలు. మిగతా పొద్దంతా స్వెట్టరు మీద స్వెట్టరు, దానిమీద దుప్పటి. అత్తగారు అలా చుట్టుకుని వంటింట్లో తిరుగుతుంటే నడిచొచ్చే బట్టల మూటలా ఉండేది.

అత్తగారికి డెబ్భై ఒకటి. కొడుకు లారీ డ్రైవరు. వారంలో నాలుగు రోజులు రోడ్డు మీదే. "వాడెలాగూ లారీతో కాపురం చేస్తాడు. పరాయిచోట ఆ పిల్ల ఒక్కతే గోడలు చూస్తూ కూర్చుంటుందా?" అని పట్టుబట్టి కోడలి వెంట విమానం ఎక్కేసింది. చివరికి పొద్దస్తమానం గోడలు చూస్తూ కూర్చోవడం ఆవిడ వంతే అయింది.

మూడో రోజు సాయంత్రం కవరు చింపారు. అంకె చూసి కోడలు నమ్మలేదు. దీపం దగ్గర పెట్టి ఇంకోసారి చూసింది. ఊహించినదాంట్లో పదో వంతు కూడా లేదు. లారీలో ఉన్న భర్తకి ఫోను చేసింది.

"మధ్యలో ఉన్న చుక్క సరిగ్గా చూశావా?" అన్నాడు అతను.

"నాలుగుసార్లు చూశానండీ."

"అయితే మా అమ్మ వణికిన వణుకుకి కరెంటు వాళ్లు జాలిపడ్డట్టున్నారు."

ముగ్గురూ నవ్వుకున్నారు. పొదుపుగా ఇల్లు నడుపుతున్నానని కోడలు లోలోపల మురిసిపోయింది. మర్నాటి నుంచి కట్టడి సడలింది. హీటరు ముందు రెండు గంటలు కాస్తా నాలుగైంది, నెల తిరిగేసరికి ఇల్లంతా వెచ్చబడింది. అత్తగారు దుప్పటి మడిచి పెట్టేసింది. గీజరు నీళ్లతో తనివితీరా తలంటుకునేది.

వాళ్ల ఇల్లు మూడో అంతస్తు. మెట్లెక్కి రాగానే రెండు తలుపులు. ఎడమ తలుపు వీళ్లది. కుడివైపు ఇంట్లో ఒంటరి వృద్ధురాలు ఉంటుందని, ఇల్లు అద్దెకిచ్చిన రోజున బిల్డింగు బాగోగులు చూసుకునే అతను చెప్పాడు. నడుముకి పెద్ద తాళాలగుత్తి కట్టుకుని తిరుగుతాడని అత్తగారు అతనికి తాళాలాయన అని పేరు పెట్టింది. వచ్చిన మొదటివారంలోనే పరిచయం చేసుకుందామని భార్యాభర్తలిద్దరూ ఆ తలుపు తట్టారు. ఎవరూ తీయలేదు. తలుపు కింద సందులోంచి మాత్రం పసుపుపచ్చటి వెలుగు కనిపించింది.

"ఆవిడ ఎవరితోనూ కలవదు. పాతకాలపు మనిషి. అద్దె మాత్రం ఒక్క రోజు కూడా ఆలస్యం కాదు. అందరూ ఆవిడలా ఉంటే నా ప్రాణానికి హాయి," అన్నాడు తాళాలాయన.

కోడలు పని నుంచి వచ్చేసరికి మెట్ల మీద మసక చీకటిగా ఉండేది. తాళంచెవి వెతుక్కుంటూ ఆ తలుపు కింద పచ్చటి గీతను చూస్తే ఎందుకో ధైర్యంగా అనిపించేది. ఈ అంతస్తులో మనం తప్ప ఇంకో ప్రాణి ఉంది కదా అనుకునేది.

అత్తగారికి ఆ స్నేహం ఇంకోలా కుదిరింది. హాలు గోడకి అవతల ఆవిడ గది. పొద్దున సరిగ్గా పదింటికి అవతల మాటలు మొదలయ్యేవి. భాష తెలియదు, మాట స్పష్టంగా వినిపించదు. ఒకటే ధోరణిలో సాగేది. మధ్యమధ్య సన్నగా పాట. పదకొండింటికి ఆగిపోయేది.

"అది రేడియో అత్తయ్యా," అంది కోడలు, ఓ సెలవు రోజున చెవి ఒగ్గి విని.

"రేడియో అయితే మాత్రం? పెట్టింది మనిషేగా."

అత్తగారు కుర్చీని గోడకి ఆనించి వేసుకుంది. పదింటికల్లా పనులు ముగించుకుని, వీపు గోడకి చేర్చి కూర్చునేది. అవతలావిడకి వదినగారని వరస కూడా కలిపేసింది. "ఇవాళ మోకాలు పట్టేసింది వదినా. మీ ఊళ్లో ఎండన్నదే రాదా?" అంటూ తన గోడంతా ఆ గోడకే చెప్పుకునేది. పెళ్లయిన కొత్తలో తన మావగారు తప్పిపోయి రెండు రోజులకి దొరికిన సంగతి దగ్గర్నుంచి, కోడలు చారులో ఉప్పు తక్కువ వేసే సంగతి దాకా ఆ గోడకి తెలియనిది లేదు.

ఒక సాయంత్రం కోడలు చెప్పులు విప్పుతుండగానే అత్తగారు ఎదురొచ్చింది.

"వదినగారికి పొడిదగ్గు పట్టుకున్నట్టుందే. నేనిటు దగ్గితే అటు దగ్గింది. రెండుసార్లు."

"రేడియోలో ఎవరో దగ్గి ఉంటారు."

"అప్పటికి పదకొండు దాటింది. రేడియో ఆగిపోయింది," అంది అత్తగారు.

రెండో బిల్లు వచ్చింది. హీటరు ఇల్లంతా తిరిగిన నెల అది. మొదటి నెలకీ దానికీ ఒక్క యూనిట్ తేడా. మూడో బిల్లు వచ్చింది. అచ్చం రెండోదే. తేదీ తప్ప ఏమీ మారలేదు.

ఆ రాత్రి ఆమె మూడు బిల్లులూ వరసగా పరిచి చూసుకుంది. వాళ్ల నాన్న కరెంటు ఆఫీసులో రీడింగులు తీసే ఉద్యోగి. బడి లేని రోజుల్లో ఆమెని సైకిలు మీద ముందు కూర్చోబెట్టుకుని ఇంటింటికీ తిప్పేవాడు. మీటరు అద్దం మీద దుమ్ము తుడిచి అంకెలు పైకి చదవడం ఆమె పని, పుస్తకంలో రాసుకోవడం ఆయన పని. ఏ ఇంటికి చుట్టాలు వచ్చారో, ఎవరింట్లో జ్వరంతో రాత్రంతా దీపం వెలిగిందో ఆయన ఆ అంకెలు చూసే చెప్పేసేవాడు. ఒకసారి ఒక పుట చూపించి అడిగాడు: "ఈ ఇల్లు చూడు. నాలుగు నెలలూ ఒకటే వాడకం. ఏమిటి అర్థం?" ఆమెకి తెలియలేదు. "మనుషులున్న ఇల్లు ఒక నెల ఉన్నట్టు ఇంకో నెల ఉండదమ్మా. లోపలెవరూ లేరు," అన్నాడు.

ఆ మాట ఇన్నేళ్ల తరవాత ఆమెకి గుర్తొచ్చింది. ఇంట్లో ముగ్గురున్నారు. హీటరు తిరుగుతోంది, గీజరు కాగుతోంది, పొయ్యి మీద ఏదో ఒకటి ఉడుకుతూనే ఉంది. బిల్లేమో ఇంట్లో ఎవరూ లేరంటోంది.

ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకి కిందికి దిగింది. మెట్ల కింద ఒక ఇనుప బీరువాలో బిల్డింగు మీటర్లన్నీ ఉండేవి. మూడో అంతస్తువి రెండూ పక్కపక్కనే. ఒకదాని మీద ఎడమ తలుపు, ఇంకోదాని మీద కుడి తలుపు అని చీటీలు అంటించి ఉన్నాయి. వచ్చిన కొత్తలో కరెంటు కనెక్షను పేరు మార్పించుకునేటప్పుడు ఎడమ చీటీ చూసే నంబరు రాసిచ్చింది. అప్పుడు మీటరు వంక సరిగ్గా చూడలేదు.

ఇప్పుడు చూసింది. రెంటికీ చిన్న ఎర్రటి లైటు. కరెంటు కాలేకొద్దీ మిణుకుమంటుంది. ఎంత ఎక్కువ కాలితే అంత వేగంగా. కుడి చీటీది గబగబా కొట్టుకుంటోంది. తమది అనుకున్నది ఒకసారి మెరిసి ఊరుకుంది. ఆమె మనసులో అంకెలు లెక్కపెట్టింది. ఇరవై ఎనిమిది దగ్గర మళ్లీ మెరిసింది.

ఆ ఆదివారం భర్త ఇంట్లోనే ఉన్నాడు. ఫోను చేసింది.

"మెయిన్ స్విచ్ ఆపేయండి."

"ఆపేశా. అమ్మ తిడుతోంది, స్నానం మధ్యలో ఉంది."

గబగబా కొట్టుకునే లైటు ఆగిపోయింది. కుడి చీటీది. పక్కింటిది అనుకున్నది. తమది అనుకున్న మీటరు మాత్రం, ఇరవై ఎనిమిది అంకెలయ్యాక, తీరిగ్గా ఒకసారి మెరిసింది.

"ఏమైంది? మాట్లాడవేం?" అంటున్నాడు భర్త.

"పెట్టేయండి," అంది ఆమె.

చీటీలు తారుమారయ్యాయి. ఇన్నాళ్లూ తను కట్టింది పక్కింటావిడ బిల్లు. తమ వేడికీ వెలుగుకీ వేన్నీళ్లకీ కడుతున్నది ఆవిడ. అంతవరకు తేలిగ్గానే అర్థమైంది. వెంటనే పైకి వెళ్లి చెప్పేయాలనుకుంది. కానీ నెమ్మదిగా మెరిసే ఆ లైటు ముందు అలాగే నిలబడిపోయింది. పదయింది. మెరుపుకీ మెరుపుకీ మధ్య ఎడం కాస్త తగ్గింది. ఇరవై ఒకటి. పైన రేడియో మొదలై ఉంటుంది. ఒక ఫ్రిజ్జు, ఒక రేడియో. అంతే.

ఆ వారమంతా అత్తాకోడళ్లు వంతులవారీగా మీటరు కాపలా కాశారు. పొద్దున పనికి వెళ్లేముందు కోడలు చూసేది. పగలు అత్తగారు మెట్ల దగ్గర పీట వేసుకుని, పెన్సిలూ కాగితమూ పట్టుకుని కూర్చునేది. తాళాలాయన వచ్చి ఏమిటని సైగ చేస్తే, మోకాళ్లు చూపించి, మెట్లు ఎక్కలేక కూర్చున్నానని సైగ చేసేది. ఆవిడకి లెక్కలు రాయడం రాదు. మెరుపుకో గీత పెట్టేది. వారం తిరిగేసరికి కాగితాలన్నీ గీతలతో నిండాయి.

పది నుంచి పదకొండు దాకా కాస్త చిక్కగా గీతలు. సాయంత్రం ఐదింటికి తలుపు కింద వెలుగు వచ్చే వేళకి ఇంకాస్త చిక్కన. తొమ్మిదింటికి మళ్లీ పలచన. ఏ రోజు కాగితం మీద ఏ రోజుది పెట్టినా తేడా లేదు.

"అమ్మాయ్," అంది అత్తగారు ఆ కాగితాలు ఒళ్లో పెట్టుకుని. "పొయ్యి వెలిగిస్తే లైటు పరిగెత్తాలి కదే?"

"పరిగెత్తాలి అత్తయ్యా."

"హీటరు వేస్తే?"

"ఇంకా పరిగెత్తాలి."

"ఈ వారంలో ఒక్కసారైనా పరిగెత్తలేదు. ఇంత చలిలో హీటరు లేకుండా, ముద్ద ఉడక్కుండా, గుక్కెడు నీళ్లు కాచుకోకుండా మనిషెలా ఉంటుందే?"

అవతల రేడియోలో ఎవరో ఉత్సాహంగా మాట్లాడుతున్నారు. అత్తగారు మొదటిసారిగా కుర్చీని గోడకి కాస్త ఎడంగా జరుపుకుంది.

వెళ్లి తలుపు కొట్టారు. మొదట మర్యాదగా వేలితో, తరవాత అరచేత్తో. లోపల రేడియో మాట్లాడుతూనే ఉంది. తలుపుకి మధ్యలో, ఒకప్పుడు ఉత్తరాలు వేసే సందు ఉంది. దానికో రేకు మూత. అత్తగారు వంగి ఆ మూత ఎత్తి "వదినా!" అని పిలిచింది. లోపల నుంచి చల్లటి గాలి వచ్చి ముఖానికి కొట్టింది. ఎన్నాళ్లుగానో మూసి ఉన్న పాత పెట్టె తెరిస్తే వచ్చే వాసన లాంటిది, ఎండిపోయిన వాసన. పదకొండయింది. రేడియో టక్కున ఆగింది. ఆ తరవాత ఉన్న నిశ్శబ్దంలో అత్తగారు చేతిలోని మూత జారవిడిచింది.

భర్తకి ఈ వ్యవహారమంతా నచ్చలేదు.

"ఎవరో ముసలావిడ, తినీ తినకా దాచుకునే రకమేమో. మనకెందుకు? మీటరు మారిందని మనం పోయి చెప్పామనుకో, మూడు నెలలు పరాయివాళ్ల కరెంటు వాడుకున్నారని మన మెడకే చుడతారు. ఇంకా నీ వీసా కాగితాలు కూడా చేతికి రాలేదు. తెలుసా?"

"తెలుసు. నాకు బిల్లు గురించి కాదండీ."

"మరి?"

"మనం ఇన్నాళ్లూ వెచ్చగా పడుకున్నది ఆవిడ సొమ్ముతో. ఆవిడ ఇంట్లో హీటరు ఒక్కసారి కూడా వెలగలేదు. గోడ ఇటు మనం, గోడ అటు ఆవిడ. అదేమిటో తెలుసుకోకుండా నేను ఈ ఇంట్లో పడుకోలేను."

అతను కాసేపు తల గోక్కున్నాడు. "సరే. ఫోను చెయ్యి. ఏదొస్తే అది చూద్దాం," అన్నాడు.

తాళాలాయన కొట్టిపారేశాడు. "రోజూ రేడియో వింటూనే ఉన్నారుగా? దీపం చూస్తూనే ఉన్నారుగా? అద్దె నెలనెలా బ్యాంకు నుంచి వస్తోంది. ఇంకేం కావాలి?" కరెంటు కంపెనీకి ఫోను చేస్తే ముప్పావుగంట పాట వినిపించాక ఒక అమ్మాయి పలికింది. రెండు ఖాతాలూ సక్రమంగా ఉన్నాయంది. కుడి తలుపు ఖాతాదారు బిల్లు బ్యాంకు నుంచి దానంతటదే కట్టబడుతుందనీ, ఆవిడ ఎప్పుడూ ఫిర్యాదు చేయలేదనీ చెప్పింది. కోడలు తనకి వచ్చిన నాలుగు ముక్కలనే అటూ ఇటూ తిప్పి, మీటర్లు తారుమారయ్యాయని పదిసార్లు చెప్పింది. తొమ్మిది రోజుల తరవాత మనిషిని పంపుతామన్నారు.

ఆ తొమ్మిది రోజులూ ఇంట్లో హీటరు వెయ్యలేదు. ఎవరూ వద్దనలేదు, ఎవరికీ వెయ్యబుద్ధి కాలేదు. అత్తగారు దుప్పటి మళ్లీ తీసింది. రేడియో వచ్చే వేళకి వంటింట్లోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకునేది.

వచ్చినతను నెరిసిన మీసాల పెద్దమనిషి. భుజాన పనిముట్ల సంచి. మీటర్లు చూశాడు, పైకి వచ్చి తీగలు చూశాడు, మళ్లీ కిందికి దిగాడు.

"పోయినేడాది ఈ బిల్డింగుకి మొత్తం కొత్త మీటర్లు వేశారు. వేసినవాడు చీటీలు అటుదిటు అంటించాడు," అన్నాడు. "సరిచేయడానికి రెండిళ్లకీ కాసేపు కరెంటు ఆపాలి."

పది గంటల ఐదు నిమిషాలకి ఆపాడు. రేడియోలో పాడుతున్న గొంతు పాట మధ్యలో తెగిపోయింది. మీటరాయన పైకి వచ్చి, అత్తాకోడళ్ల పక్కన నిలబడి కుడి తలుపు వంక చూశాడు. ఐదు నిమిషాలు గడిచాయి. పది గడిచాయి.

"లోపల మనిషి ఉందన్నారు కదూ?"

"రేడియో విన్నారుగా," అంది కోడలు.

"ఇరవై రెండేళ్లుగా ఈ పని చేస్తున్నా. కరెంటు తీస్తే ఐదు నిమిషాల్లో తలుపు తీసి నన్ను తిట్టని ఇల్లు లేదు. రేడియో వింటున్న మనిషైతే రెండు నిమిషాలు." అతను తలుపు తట్టాడు. పేరు చదివి పిలిచాడు. తరవాత మీసం తడుముకుంటూ మెల్లగా అన్నాడు, "ఆ తాళాల మనిషిని పిలవండి."

తాళాలాయన ఈసారి వాదించలేదు. పోలీసులకి ఫోను చేశాడు. ఇద్దరు వచ్చారు. గుత్తిలోంచి సరైన తాళంచెవి దొరకడానికి చాలాసేపు పట్టింది.

కోడలు గడప దాటలేదు. దాటకుండానే కనిపించినంత మేర చూసింది. గదిలో కిటికీ ఒక జానెడు తెరిచి ఉంది. గాలికి తెర కదులుతోంది. గోడకి ఆనించి ఒక కుర్చీ. సరిగ్గా అత్తగారి కుర్చీకి అవతలి వైపు, వీపుకి వీపు పెట్టినట్టు. అందులో కూర్చున్న మనిషి కంటే కప్పుకున్న శాలువాయే పెద్దదిగా ఉంది. తల ఒక పక్కకి, వింటున్నట్టుగా వాలి ఉంది. జుట్టు చక్కగా దువ్వి ఉంది. చేతులు ఎండుకొమ్మల్లా ఒళ్లో ఉన్నాయి. వాటి కింద వార్తాపత్రిక. దాని మీద తేదీ, వీళ్లు ఆ దేశంలో దిగడానికి ఏడాదిన్నర ముందుది.

పోలీసుల్లో పెద్దవాడు గది చీకటిగా ఉందన్నాడు. మీటరాయన ఏమీ ఆలోచించకుండా, ఒక పని దొరికిందన్నట్టు కిందికి పరిగెత్తి కరెంటు ఇచ్చాడు.

గదిలో ఎవరో గట్టిగా నవ్వారు.

పోలీసులిద్దరూ అడుగు వెనక్కి వేశారు. తాళాలగుత్తి నేలమీద పడింది. రేడియోలో మనిషి నవ్వి, ఏదో చెప్పి, ఇంకో పాట మొదలుపెట్టాడు. దాన్ని ఎలా ఆపాలో ఎవరికీ తెలియలేదు, ముట్టుకోవడానికీ ఎవరికీ చెయ్యి రాలేదు. పదకొండు దాకా అది అలా పాడుతూనే ఉంది. తరవాత తనంతట తనే ఆగింది.

ఒంటరి ఆడది ఉండే ఇల్లని దొంగలకి తెలియకూడదని, ఇంట్లో ఎప్పుడూ మనిషి ఉన్నట్టు అనిపించాలని, ఆవిడ దీపానికొకటి, రేడియోకొకటి టైమర్లు పెట్టుకుంది. ఆ పని అవి బాగానే చేశాయి. బ్యాంకులో దాచుకున్న సొమ్ములోంచి అద్దె, నీళ్ల బిల్లు, కరెంటు బిల్లు వాటంతటవే వెళ్లిపోయాయి. అన్నీ సమయానికి అందుతున్నాయి కాబట్టి ఎవరూ తలుపు కొట్టలేదు. కింద ఆవిడ ఉత్తరాల పెట్టెలో నిండినవాటిని తాళాలాయన కట్టలు కట్టి స్టోరు గదిలో పెడుతూ వచ్చాడు. మెట్ల మీద కూర్చుని అతను ఏడ్చాడు. "ముందటేడు వేసవిలో ఏదో వాసన వస్తోందన్నారు. ఎలుక చచ్చిందనుకుని మందు చల్లించాను. మందు చల్లించానమ్మా," అని పదేపదే అన్నాడు. అత్తగారికి ఆ భాష రాకపోయినా అతని వీపు నిమిరింది.

ఆవిడకి నా అన్నవాళ్లెవరూ దొరకలేదు. అంత్యక్రియలు ప్రభుత్వమే చేసింది. వెళ్లింది ఐదుగురు. తాళాలాయన, సెలవు పెట్టి వచ్చిన మీటరాయన, వీళ్లు ముగ్గురు. ఆ రోజు లారీ యజమానితో గొడవపడి మరీ భర్త వచ్చాడు. ప్రభుత్వాఫీసు మనిషి కాగితం చూసి ఆవిడ వివరాలు చదివాడు. బడిలో సంగీతం చెప్పేదట. అంతకుమించి కాగితంలో ఏమీ లేదు.

వీళ్ల మెడకి ఏమీ చుట్టుకోలేదు. కరెంటు కంపెనీ తప్పు తనదేనని ఒప్పుకుని ఉత్తరం రాసింది, పాత నెలల తేడా మీరు కట్టనక్కర్లేదంది. కోడలు ఆ ఉత్తరం పట్టుకుని వాళ్ల ఆఫీసుకి వెళ్లింది. మీకు కాదు, ఆవిడకి కట్టాలి అంది. కౌంటరులో మనిషికి అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. "చనిపోయినవాళ్లకి డబ్బు ఎలా తీసుకుంటామండీ?" అన్నాడు. "ఏడాదిన్నరకి పైగా ఆవిడ దగ్గర మీరు తీసుకున్నారుగా," అంది ఆమె. అతను లోపలికి వెళ్లి పెద్దవాళ్లని అడిగి వచ్చాడు. చివరికి ఆవిడ ఆస్తి చూసే ప్రభుత్వ ఖాతాకి నెలకి కొంత చొప్పున జమ చేసేలా ఏర్పాటైంది. ఆ విషయం వింటూ గుండుసూదులావిడ మొట్టమొదటిసారి పళ్ల మధ్య సూదులు తీసి బల్ల మీద పెట్టింది.

భర్త ఇల్లు మారదామన్నాడు. రెండుమూడు చోట్ల చూసొచ్చాడు కూడా. అత్తగారు ససేమిరా అంది.

"దగ్గింది నేను విన్నాను. మీరు నమ్మినా సరే, నమ్మకపోయినా సరే," అంది. "పిలిస్తే వెళ్లకపోవడం తప్పు. వెళ్లాం. ఇంక పారిపోవడమెందుకు?"

కోడలు ఆ దగ్గు సంగతి మళ్లీ ఎత్తలేదు. కాకపోతే సెలవు రోజుల్లో పదింటికి హాల్లో ఉండవలసి వస్తే, చేతిలో పని ఉన్నా లేకపోయినా ఇంట్లోని కుట్టుమిషను తొక్కుతూ చప్పుడు చేసేది.

ఇవన్నీ తరవాతి సంగతులు. అంత్యక్రియలైన మర్నాడు ఆదివారం. కాఫీ తాగగానే అత్తగారు మంచి చీర కట్టుకుని, మీద కోటు వేసుకుని, చెప్పులు తొడుక్కుంది.

"ఎక్కడికి అత్తయ్యా?"

"ఈ బిల్డింగులో ఎన్ని తలుపులున్నాయి?"

"పదో, పన్నెండో."

"నడు."

మోకాళ్లు పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతూ నాలుగో అంతస్తుకి చేరింది. మొదటి తలుపు తట్టింది. జవాబు లేదు. మళ్లీ తట్టింది. లోపల ఏదో పడిన చప్పుడు, ఎవరో విసుక్కున్న మాట. తలుపు తెరుచుకుంది. చెంపకి సగం దాకా సబ్బు నురగ, చేతిలో గడ్డం గీసుకునే కత్తితో ఒక ముసలాయన, బనీను మీదే వచ్చి నిలబడ్డాడు. ఎవరు మీరు, ఏం కావాలి అన్నాడు.

కోడలు ఏదో చెప్పబోయింది. అత్తగారు ఆపి, ఆయన్ని ఎగాదిగా చూసింది. ముఖం మీద నురగ జారి బనీను మీద పడింది. ఆయన ఊపిరి పీలుస్తున్నాడు, కోపంగా ఉన్నాడు.

"బాగున్నాడు," అంది అత్తగారు తృప్తిగా. ఆయనకి ఒక నమస్కారం పెట్టి, పక్క తలుపు వైపు తిరిగింది.